కాల్చే ముందు చూడవలసినది

అశోక్ నగర్ చౌరస్తా నుండి చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయం వరకు నడిచి వెళ్ళేవారికి రెండు రకాల బోర్డులు విరివిగా కనిపిస్తాయి. ఒక రకం పోటీ పరీక్షల శిక్షణ సంస్థలవి, రెండవ రకం దంత వైద్యశాలలవి. మునుపు దంత వైద్యుని బోర్డు మీద ఒక పలువరుస బొమ్మ, వైద్యుని పేరు, వచ్చే వేళలు మాత్రమే ఉండేవి. ఇప్పుడు వాటి పక్కన "లేజర్ చికిత్స. కోత లేదు, కుట్లు లేవు, నొప్పి లేదు" అనే మాటలు వచ్చి చేరాయి.

ఈ మధ్య గ్రూప్స్ పరీక్షలకు చదువుకుంటున్న ఒక యువకుడు చిగుళ్ళ వాపుతో నా దగ్గరకు వచ్చాడు. మందు తీసుకుని లేవబోతూ ఒక ప్రశ్న వేశాడు.

"డాక్టరుగారూ, ఈ లేజర్ వైద్యమంతా సుశ్రుతుడు ముందే చెప్పాడని మా హాస్టల్లో అంటున్నారు. నిజమేనా? పరీక్షలో అడిగితే రాయవచ్చా?"

"రాయవద్దు నాయనా, ఉన్న మార్కులు కూడా పోతాయి" అన్నాను. అతడు నవ్వుతూ వెళ్ళిపోయాడు గాని, ఆ ప్రశ్న నాతోనే ఉండిపోయింది. పాశ్చాత్యులు ఏ కొత్త సాధనం కనిపెట్టినా "ఇది మన గ్రంథాలలో ఎప్పుడో ఉంది" అని చంకలు గుద్దుకునే అలవాటు మన ఆయుర్వేద వైద్యులలో కొందరికి ఉంది. "అది అంతా వ్యాపారం, మన వేప పుల్ల చాలు" అని తోసిపుచ్చే అలవాటు మరికొందరికి ఉంది. ఈ రెండు మాటలూ నేను నా జీవితంలో అన్నవాడినే. వాటి వలన జరిగిన ఒక నష్టాన్ని పాఠకుల ముందు ఉంచడానికే ఈ వ్యాసం రాస్తున్నాను.

ముందుగా సుశ్రుతుడు ఏమి చెప్పాడో చూద్దాం. సుశ్రుత సంహిత సూత్రస్థానంలో పన్నెండవ అధ్యాయం పూర్తిగా అగ్నికర్మకు సంబంధించినది. దానికి ముందున్నది క్షారకర్మ, తరువాతిది జలగలతో రక్తం తీయించే విధానం. మందుకు, కత్తికి, క్షారానికి లొంగని వ్యాధి అగ్నికి లొంగుతుందని, అగ్నితో సరిగా కాల్చిన వ్యాధి మళ్ళీ తలెత్తదని ఆచార్యుని మతం. కాల్చే సాధనాలను ఆయన ధాతువును బట్టి విభజించాడు. చర్మం వరకే ఉన్న వ్యాధికి పిప్పలి, మేక పెంటిక, గోదంతం, శరం, శలాక. మాంసం వరకు దిగిన వ్యాధికి నేరేడు పండు ఆకారం గల జాంబవౌష్ఠం, ఇతర లోహాలు. సిరలు, స్నాయువులు, సంధులు, ఎముకల వరకు పోయిన వ్యాధికి తేనె, బెల్లం, నెయ్యి, నూనె వంటి ద్రవ్యాలను కాచి వాడమన్నాడు. ఒక్కొక్క ద్రవ్యం వేడిని పట్టి ఉంచే తీరు వేరు, ఆ వేడి లోపలికి దిగే లోతు వేరు. ఎంత లోతున ఉన్న రోగానికి ఎంత వేడి అన్న విచక్షణే ఆ అధ్యాయానికి ప్రాణం.

నోటి వ్యాధుల విషయంలోనూ ఆ విచక్షణ కనిపిస్తుంది. పెదవులలో 8, చిగుళ్ళలో 15, దంతాలలో 8, నాలుకలో 5, అంగుటిలో 9, కంఠంలో 17, నోరంతా వ్యాపించేవి 3, మొత్తం 65 ముఖరోగాలను సుశ్రుతుడు లెక్కించాడు. అన్నింటినీ కాల్చమనలేదు. జ్ఞానదంతం మీద పెరిగే అధిమాంసాన్ని కోసివేయమన్నాడు. కొన్నింటికి క్షారం, కొన్నింటికి రక్తమోక్షణం, ఎన్నింటికో పుక్కిలింతలు, పూతలు మాత్రమే. పుచ్చిపోయి కదులుతున్న పంటిని తీసివేసిన తరువాత ఆ చోటును కాల్చమన్నాడు. పిత్త ప్రకృతి గలవారిని, దుర్బలులను, బాలురను, వృద్ధులను, పిరికివారిని, లోపల రక్తం పోతున్నవారిని కాల్చవద్దన్నాడు. ముఖరోగాలలో అగ్నికర్మ చేయవలసి వస్తే రోగి ఏమీ తినకుండా ఉండగా చేయమన్నాడు.

నేను గురువుగారి ఇంట చదువుకున్న రోజులలో పుచ్చు పంటితో పల్లెటూరి రైతులు వచ్చేవారు. గురువుగారు ఆ గుంటలో తేనె మైనం నింపి, ఎర్రగా కాల్చిన సన్నని కడ్డీ మొనను దానికి తాకించేవారు. బెల్లంతో గాని మైనంతో గాని గుంటను నింపి కాల్చే ఈ విధానం వాగ్భటుడు అష్టాంగహృదయం ఉత్తరస్థానంలో చెప్పినదే. రోగికి నొప్పి తగ్గేది. లోపలి నరం చచ్చిపోవడం చేత తగ్గేదే గాని పన్ను బాగుపడి కాదని నేను చాలా ఆలస్యంగా తెలుసుకున్నాను. అది అలా ఉంచితే, కడ్డీని నిప్పులలో పెట్టే ముందు గురువుగారు రోగిని దీపం దగ్గరకు జరిపి, నోరు బాగా తెరిపించి, నాలుకను పక్కకు లాగి, బుగ్గల లోపల వేలితో తడిమి చూసేవారు. పంటి నొప్పి అని వచ్చినవాడి బుగ్గలు ఎందుకు తడమాలని ఒకసారి అడిగాను.

"కాల్చిన తరువాత చూడడానికి ఏముంటుందిరా?" అన్నారు.

ఈ మాటను కాస్త గుర్తుంచుకోవలసిందిగా పాఠకులను కోరుతున్నాను.

ఇక లేజరు. దాని చరిత్ర చిన్నదే. ఒక అణువు వెలువరించే కాంతిని మరొక కాంతితో ప్రేరేపించవచ్చునని ఐన్‌స్టీన్ 1917లో సిద్ధాంతరీత్యా చెప్పాడు. 1960 మే 16న అమెరికాలో మైమన్ అనే శాస్త్రజ్ఞుడు కెంపు స్ఫటికంతో మొదటి లేజరు కాంతిని పుట్టించాడు. నాలుగేళ్ళకు, అంటే 1964లో, బెల్ ప్రయోగశాలలో బొగ్గుపులుసు వాయువుతో పనిచేసే లేజరును కనిపెట్టినవాడు మన దేశంవాడే. మహారాష్ట్రలోని బారామతిలో పుట్టిన కుమార్ పటేల్. నేటికీ నోటిలోని మెత్తని కణజాలాన్ని కోయడానికి వాడే మేలైన లేజర్లలో అది ఒకటి. గర్వపడాలంటే సుశ్రుతుని నోట లేని మాట పెట్టనక్కరలేదు, పటేల్‌ను తలచుకుంటే చాలు.

1965లో గోల్డ్‌మన్ అనే అమెరికా వైద్యుడు కెంపు లేజరును సజీవంగా ఉన్న మనిషి పంటి మీద మొదటిసారి ప్రయోగించాడు. ఆ పన్ను వేరెవరిదో కాదు, ఆయన తమ్ముడిది. ఆ తమ్ముడూ దంత వైద్యుడే! తమ్ముడికి నొప్పి తెలియలేదు. అయితే అదే సంవత్సరం కోతుల దంతాల మీద చేసిన ఒక పరిశోధనలో, పంటి లోపలి మజ్జ ఉష్ణోగ్రత కేవలం అయిదున్నర డిగ్రీల సెంటిగ్రేడ్ పెరిగితే నూటికి పదిహేను దంతాలలో మజ్జ కోలుకోలేదని తేలింది. కెంపు లేజరు వేడి అంతకంటే ఎక్కువ. అందుచేత గట్టి పంటిని తొలవడానికి లేజరు చాలా కాలం పనికిరాలేదు. నీటి జల్లుతో కలిసి పనిచేసే ఎర్బియం లేజరుకు 1997 మే నెలలో గాని అమెరికా ప్రభుత్వ అనుమతి దొరకలేదు. చిగుళ్ళ వంటి మెత్తని భాగాలకు వాడే దంత లేజరుకు అంతకు ముందే, 1990లో, అనుమతి వచ్చింది.

లేజరు అంటే ఒకే యంత్రం అని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. కాంతి తరంగపు పొడవును బట్టి అది దేనిలో ఇంకుతుందో మారిపోతుంది. బొగ్గుపులుసు వాయువు లేజరు తరంగం 10,600 నానోమీటర్లు. అది నీటిలో ఇంకుతుంది, కనుక నీరు నిండి ఉన్న చిగురును, బుగ్గను పైపైనే ఆవిరి చేస్తుంది. ఎర్బియం లేజరు తరంగం 2,940 నానోమీటర్లు. అది నీటిలో ఇంకా ఎక్కువగా ఇంకుతుంది. పంటిలో ఉన్న కొద్దిపాటి నీరు ఒక్కసారిగా ఆవిరై, చుట్టూ ఉన్న ఖనిజాన్ని రేణువులుగా చిమ్మివేస్తుంది. డయోడ్ లేజర్ల తరంగాలు సుమారు 800 నుండి 980 వరకు ఉంటాయి. ఇవి రక్తంలోని ఎరుపులోను, చర్మంలోని నలుపులోను ఇంకుతాయి. పరిమాణంలో చిన్నవి, ధరలో తక్కువ గనుక చిన్న వైద్యశాలలలో తరచుగా కనిపించేవి ఇవే.

ఈ డయోడ్ లేజరు విషయంలో ఒక చిత్రం ఉంది. ఒక దంత వైద్య మిత్రుని దగ్గర మొదటిసారి చూసినప్పుడు నేను ఆశ్చర్యపోయాను. గాజు తంతువు కొసను ఆయన ముందుగా ఒక బెండు ముక్క మీద రాసి నల్లగా చేశాడు. ఎందుకని అడిగితే, కొస తెల్లగా ఉంటే కాంతి కణజాలంలోకి చెదిరిపోతుందని, నల్లబడితే కాంతి అక్కడే ఆగి వేడిగా మారుతుందని, ఆ వేడి కొసతోనే చిగురు తెగుతుందని చెప్పాడు. అంటే ఆ పద్ధతిలో కోస్తున్నది కాంతి కాదు, కాలిన కొస! గురువుగారి కడ్డీని నిప్పు వేడి చేసేది, దీనిని కాంతి వేడి చేస్తోంది. సుశ్రుతుని శలాకకు ఇంత దగ్గరగా వచ్చిన ఆధునిక సాధనం మరొకటి నేను చూడలేదు. ఇందువలన సుశ్రుతునికి లేజరు తెలుసునని కాదు. లేజరు పట్టుకున్నవారికి సుశ్రుతుడు తెలిసి ఉంటే మంచిదని మాత్రమే నా వాదం. దహనంలో ప్లుష్టం, దుర్దగ్ధం, సమ్యగ్దగ్ధం, అతిదగ్ధం అని ఆయన నాలుగు అవస్థలు చెప్పాడు. వేడి కొస ఒకే చోట ఒక్క క్షణం ఎక్కువ నిలిచినా కణజాలం బొగ్గులా మారి, లోపలి ఎముక వరకు దెబ్బ తింటుంది. ఆధునికులు దానిని ఏ పేరుతో పిలిచినా అది అతిదగ్ధమే.

లేజరు వలన మేలు జరిగే చోట్లు ఉన్నాయి. రక్తపోటుకు, మూర్ఛకు వాడే కొన్ని మందుల వలన చిగుళ్ళు పళ్ళ మీదకు పెరిగినప్పుడు, నాలుక కింది తంతువు పొట్టిగా ఉండి మాట తిరగనప్పుడు, జ్ఞానదంతం మీద చిగురు కప్పుకున్నప్పుడు, రక్తం పలుచబడే మందులు వాడుతున్నవారికి చిన్న కోత తప్పనప్పుడు దీనితో నెత్తురు తక్కువగా పోతుంది, కుట్ల అవసరం తరచుగా ఉండదు. తొలిచే యంత్రం రొదకు బెదిరిపోయే పిల్లలకు ఎర్బియం లేజరు ఒక వరం. కాని పాత వెండి సిమెంటు పూరకాలను అది తీయలేదు. పంటి చుట్టూ ఎముక కరిగిపోయే చిగుళ్ళ వ్యాధిలో, మామూలుగా గార తీసి శుభ్రం చేసే చికిత్సకు లేజరు అదనంగా చేసే మేలు స్వల్పమే. కత్తి గాయం కన్నా లేజరు గాయం మొదటి రోజులలో కొంచెం నెమ్మదిగా మానుతుందని కూడా రోగికి చెప్పాలి. ఎవరూ చెప్పరు.

నల్గొండ ప్రాంతం నుండి వచ్చి ఇక్కడ గదులలో అద్దెకుండే పిల్లలు కొందరు ఫ్లోరైడు మరకలతో నా దగ్గరకు వస్తుంటారు. ఇంటర్వ్యూకు ముందు లేజరుతో పళ్ళు తెల్లగా చేయించుకోవచ్చా అని అడుగుతారు. తెల్లబరిచేది ప్రధానంగా పంటికి పూసే పెరాక్సైడ్ మందు. దాని మీద వేసే వెలుగు అదనంగా ఏమంత చేస్తుందన్నది సందేహమే. ఫ్లోరైడు మరక పింగాణీ పొరలోనే ఏర్పడినది. బాల్యంలో తాగిన నీరు రాసిన రాత అది, పైన వెలుగు వేసినంత మాత్రాన చెరిగిపోదు. దానికి వేరే పద్ధతులు ఉన్నాయి. వెళ్ళి దంత వైద్యుని అడగమంటాను.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను.

2017లో మా వీధి చివర ఆటో నడుపుకునే ఒకాయన నా దగ్గరకు వచ్చాడు. వయస్సు నలభై దాటింది. ఎడమ బుగ్గ లోపల మంటగా ఉందని, కారం తినలేకపోతున్నానని అన్నాడు. చూస్తే ఆ చోట రూపాయి బిళ్ళంత తెల్లని మచ్చ. గుడ్డతో తుడిస్తే పోలేదు. రోజంతా గుట్కా ఆ పక్కనే దాచుకునేవాడు. నేను గుట్కా మానమని గట్టిగా చెప్పి, త్రిఫల కషాయంతో పుక్కిలించమని, ఖదిరాది వటి చప్పరించమని ఇచ్చాను. రెండు నెలలు తిరిగాడు. మంట కొంత తగ్గింది. మచ్చ తగ్గలేదు. గుట్కా కూడా మానలేదు. ఆ సంగతి నాకు తెలుసు. అయినా మందు మార్చాను గాని మార్గం మార్చలేదు.

మూడవ నెలలో ఒక రోజు సంతోషంగా వచ్చాడు.

"సారూ, లేజర్ తోటి తీసేసిన్రు. పావుగంటల అయిపోయింది. నెత్తురు చుక్క రాలే" అని నోరు తెరిచి చూపించాడు. ఎక్కడ చేయించుకున్నాడో ఆ వైద్యశాల పేరు ఇక్కడ అనవసరం. మచ్చ ఉన్న చోట శుభ్రంగా, లేత ఎరుపుగా ఉంది. నేను ఏమన్నానో చెప్పడానికి ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను. "మంచి పని జరిగింది, ఇది మన అగ్నికర్మే" అన్నాను. పక్కన కూర్చున్న ఇద్దరు రోగులకు సుశ్రుతుని గురించి చిన్న ఉపన్యాసం కూడా ఇచ్చాను. ఆ మచ్చలో నుండి ఒక చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారా అని మాత్రం అడగలేదు. పంపలేదు. మొత్తం ఆవిరి చేసేశారు.

ఏడాది గడిచేసరికి అదే చోట అంచులు గట్టిపడిన పుండు. ఈసారి వేలితో తడిమాను. రాయిలా తగిలింది. దవడ కింద ఒక గడ్డ కూడా చేతికి అందింది. ఆ రోజే రెడ్ హిల్స్‌లోని ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రికి పంపాను. ముక్క పరీక్షలో క్యాన్సరు అని తేలింది. ఎడమ దవడలో కొంత భాగం, మెడలోని గ్రంథులు తీసివేసి, తరువాత రేడియేషన్ ఇచ్చారు.

మొదటి రోజునే ఆ మచ్చలోని ముక్కను సూక్ష్మదర్శిని కింద చూసి ఉంటే ఏమి కనిపించేదో ఎవరమూ చెప్పలేము. అప్పటికి అది మామూలు మచ్చే అయి ఉండవచ్చు. కణాలు అప్పటికే మారి ఉండవచ్చు. చెప్పలేకపోవడమే ఇక్కడి నష్టం. కత్తితో కోస్తే కోసిన ముక్క చేతిలో మిగులుతుంది. లేజరుతో కోసినా, జాగ్రత్తగా అంచు వదిలి కోస్తే, చదవదగిన ముక్క దొరుకుతుంది. ఆవిరి చేస్తే పొగ తప్ప ఏమీ మిగలదు. కాల్చిన తరువాత చూడడానికి ఏముంటుందిరా అన్న గురువుగారి మాట ఆయన పోయిన ఎన్నో ఏళ్ళకు నాకు అర్థమయింది.

తప్పు ఆ వైద్యశాలది మాత్రమే కాదు. నా రెండు నెలల కషాయమూ అదే తప్పు. ఏమిటో తెలియకుండా ఆయన కాల్చాడు, ఏమిటో తెలియకుండా నేను పుక్కిలింపజేశాను. ఆయన చేతిలో యంత్రం ఉంది, నా చేతిలో మాత్ర ఉంది, అంతే భేదం. మనవారు అర్బుదాన్ని గురించి చెప్పినప్పుడు, కొంచెం శేషం మిగిల్చినా ఆరకుండా మిగిలిన నిప్పులా అది మళ్ళీ విజృంభిస్తుందని హెచ్చరించారు. శేషం ఉన్నదో లేదో తెలుసుకోవడానికి నేడు ఉన్న మార్గం ముక్క పరీక్షే. దానిని మనది కాదని పక్కన పెట్టడం కన్నా అవివేకం లేదు.

తెలుగునాట ఇది అరుదైన కథ కాదు. 2016-17లో దేశమంతటా జరిపిన పొగాకు సర్వేలో పెద్దలలో నూటికి 21 మందికి పైగా నమిలే, చప్పరించే పొగాకు వాడుతున్నారని తేలింది. పొగాకు లేకపోయినా వక్క ఒక్కటే క్యాన్సరు కారకమని అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ 2004లో ప్రకటించింది. భోజనం తరువాత వక్కపలుకు వేసుకోవడం ఆచారంగా ఉన్న మనకు ఇది రుచించని మాట. శ్రీకాకుళం, విశాఖపట్నం తీరాలలో చుట్ట నిప్పును నోటి లోపల పెట్టుకుని అడ్డపొగ తాగే స్త్రీలకు అంగుటిలో మచ్చలు రావడం వైద్యులు చాలా కాలంగా గమనిస్తున్నదే. గుట్కా, వక్కల వలన బుగ్గలు తోలులా బిగుసుకుపోయి నోరు తెరుచుకోని వ్యాధిని బొంబాయికి చెందిన జోషి 1953లో వర్ణించాడు. ఈ బిగుసుకున్న పట్టీలను లేజరుతో కోసి విడదీస్తున్నారు, మేలు కనిపిస్తున్నది కూడా. అయితే తరువాత నెలల తరబడి నోరు తెరిచే వ్యాయామం చేయకపోతే, వక్క మానకపోతే పట్టీలు మళ్ళీ బిగుస్తాయి. ఆ వ్యాధి ఉన్న నోటిలోనూ క్యాన్సరు పుట్టే ప్రమాదం ఉంటుంది గనుక చికిత్స అయిపోయిందని చూపించుకోవడం మానకూడదు.

నేను ఇంతగా చెప్పడానికి మరొక కారణం ఉంది. 2020 నవంబరులో భారతీయ వైద్య కేంద్ర మండలి ఒక ప్రకటన ద్వారా శల్య, శాలాక్య తంత్రాలలో స్నాతకోత్తర విద్య చదివే ఆయుర్వేద విద్యార్థులు నేర్వదగిన 58 శస్త్రకర్మలను పేర్కొన్నది. కదిలే పన్ను తీయడం, పుచ్చు పంటికి రూట్ కెనాల్ చేయడం అందులో ఉన్నాయి. అల్లోపతి వైద్య సంఘం దీనిని వ్యతిరేకిస్తూ డిసెంబరు 11న దేశమంతటా సేవలు ఆపింది. ఆ నాడు మన పత్రికలలో చాలా ఆవేశం కనిపించింది. మన హక్కు మనకు వచ్చిందని నేనూ సంతోషించాను. కాని హక్కు వచ్చిన చేతికి లేజరు కూడా వస్తుంది. ఇప్పటికే మొలలకు, భగందరానికి ఆయుర్వేద శస్త్రవైద్యులు లేజరు వాడుతున్నారు. నోటిలోకి అది రాకముందే ఒక నియమం ఏర్పడాలని నా అభిప్రాయం. తుడిస్తే పోని తెల్ల మచ్చను గాని, ఎర్ర మచ్చను గాని, మానని పుండును గాని ముక్క పరీక్ష లేకుండా ఎవరూ ఆవిరి చేయరాదు. దంత వైద్యుడైనా, ఆయుర్వేద వైద్యుడైనా సరే. మన కళాశాలలలో అగ్నికర్మ నేర్పే గురువులు ముక్క ఎలా తీయాలో, ఎవరికి పంపాలో మొదట నేర్పి, తరువాత యంత్రం చేతికివ్వాలి.

రోగులు కూడా సంకోచం లేకుండా అడగాలి. ఏ రకం లేజరు, దేనికి వాడుతున్నారు, తీసిన భాగాన్ని పరీక్షకు పంపుతారా అని అడగండి. యంత్రం ముట్టించే ముందు మీ కళ్ళకు, వైద్యుని కళ్ళకు, పక్కన ఉన్న సహాయకురాలి కళ్ళకు ప్రత్యేకమైన అద్దాలు పెట్టారో లేదో చూడండి. మామూలు చలువ కళ్ళద్దాలు పనికిరావు, తరంగాన్ని బట్టి అద్దం మారుతుంది. లేచే పొగను పక్కనే గొట్టంతో లాగివేస్తున్నారా గమనించండి. ఆ పొగలో సూక్ష్మజీవుల అంశాలు కూడా ఉండవచ్చు. ఖర్చు భరించలేనివారికి అఫ్జల్‌గంజ్‌లో ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఉంది. బోర్డు మీద లేజరు అని లేదని చిన్నచూపు చూడవద్దు.

లేజరు చికిత్స తరువాత ఇంట్లో ఏమి చేయాలని చాలామంది అడుగుతారు. రెండు మూడు రోజులు చల్లారిన మెత్తని ఆహారం, పెరుగన్నం, జావ తీసుకోవాలి. ఆవకాయ, మిరపకాయ బజ్జీల జోలికి పోరాదు. గాయం మీద లవంగ నూనె చుక్క వేయడం మహా తప్పు. అది పచ్చి కణజాలాన్ని కాలుస్తుంది. సున్నం, పసుపు కలిపి అద్దడం ఇంకా పెద్ద తప్పు. చికిత్స చేసిన వైద్యుడు సమ్మతిస్తే మరునాటి నుండి గోరువెచ్చని పలుచని త్రిఫల కషాయంతో మెల్లగా పుక్కిలించవచ్చు. అగ్నికర్మ తరువాత తేనె, నెయ్యి పూయమని సుశ్రుతుడు చెప్పాడు. తల, మెడ క్యాన్సర్లకు రేడియేషన్ తీసుకునేవారి నోటి పూతలను నివారించడానికి తక్కువ శక్తి గల లేజరు కాంతిని 2020లో వెలువడిన అంతర్జాతీయ మార్గదర్శకాలు సిఫారసు చేశాయి. అదే పత్రంలో, కొంచెం తక్కువ స్థాయి ఆధారంతో, తేనెను కూడా సూచించాయి. లేజరు, తేనె ఒకే కాగితం మీద కనిపించినప్పుడు నాకు కలిగిన ఆనందాన్ని దాచుకోను. తేనె వాడినా తరువాత నోరు కడుక్కోవాలి, లేకపోతే పళ్ళు పుచ్చుతాయి.

ఆ ఆటో ఆయనకు రేడియేషన్ జరిగిన రోజులలో అక్కడి వైద్యులను అడిగి నేనూ తేనె ఇచ్చాను. మింగడానికి కొంత సుఖంగా ఉందన్నాడు. ఆటో ఇప్పుడు ఆయన కొడుకు నడుపుతున్నాడు. ఆయన మూడు నెలలకొకసారి పరీక్షకు వెళ్ళివచ్చి, కాగితాలు తెచ్చి నా బల్ల మీద పెడతాడు. నన్ను ఒక్క మాట కూడా అనలేదు. నేనే ఒక రోజు ఆగలేక, "ఆ రోజు నేను అడగవలసింది నాయనా" అన్నాను.

"మీరేం జేస్తరు సారూ, గుట్కా దిన్నది నేను" అన్నాడు, వంకరపోయిన దవడతో.

ఇప్పుడు నా బల్ల మీద ఒక చిన్న నోటుపుస్తకం ఉంది. నోటి పుండుతో, మచ్చతో ఎవరు వచ్చినా, వచ్చిన తేదీ, పక్కనే దానికి పద్నాలుగు రోజుల తరువాతి తేదీ రాస్తాను. రెండవ తేదీ నాటికి తగ్గకపోతే నా దగ్గర ఇక మందు ఉండదు. ఒక చీటీ మాత్రం ఉంటుంది, ముక్క పరీక్షకు పంపవలసిందని. మొన్న చిగుళ్ళ వాపుతో వచ్చి పరీక్షలో రాయవచ్చా అని అడిగిన ఆ యువకునికీ రెండు బుగ్గలు తడిమి చూసే పంపాను.